పెట్టె లోపల పెట్టిన బొట్టు

కంప్యూటర్‌కు బొట్టు ఎక్కడ పెట్టాలో తెలియనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. తెలిసినవాళ్ళు కూడా చదవండి, నష్టమేమీ లేదు.

నేను చదివింది మూడో తరగతి దాకా. మదనపల్లెలో ఒక పట్టుచీరల డిజైన్ అంగడిలో పనికి చేరి, తల నెరిసేదాకా అక్కడే ఉన్నాను. చీర నేసేది మగ్గమే అయినా, అంచులో నెమలి రావాలా మామిడిపిందె రావాలా అని మగ్గానికి చెప్పేవి అట్టలు. గట్టి అట్టముక్కలకు చిల్లులు కొట్టి, వాటిని వరసగా దారంతో కుట్టి, దండలాగా చేసి, మగ్గం నెత్తిన ఉండే జకార్డుకు తగిలిస్తారు. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఒక్క చిల్లు తప్పితే నెమలికి ముక్కు ఉండదు. నా పని ఆ అట్టలు కుట్టడం. పోను పోను అంగడి తాళాలు, కరెంటు, పాలు, చీపురు, అందరి మీదా అరవడం కూడా నా పనే అయింది. జీతం కుట్టడానికే ఇచ్చేవాళ్ళు. అరవడం నేను ఉచితంగా చేసేదాన్ని.

అంగడిలో మేం ముగ్గురం. డిజైన్లు గీసే పిల్ల నిమ్మనపల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేది. కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆకలి కూడా తెలిసేది కాదు దానికి. జకార్డు కట్టే పెద్దాయన ఇంకొకరు. మగ్గం నెత్తికెక్కి అట్టలు తగిలించడం, పోగులు సరిచేయడం ఆయన పని. మా చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని మగ్గం లేదు. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని, ఆయన నన్ను సెల్లెమ్మా అనేవాడు, ఇద్దరం పొద్దున తలుపు తీసినప్పటి నుంచి పోట్లాడుకునేవాళ్ళం. ఓనరు కూడా ఉన్నాడు గానీ, పండగలప్పుడు అత్తగారింట్లో ఉండేవాడు. ఆయన అత్తగారింట్లో పండగలు ఎక్కువ.

ఆ ఏడు దసరాకు కొద్దిరోజుల ముందు పుంగనూరు నుంచి ఒకామె వచ్చింది. నేతామె. పెళ్ళయిన నాటి నుంచి వేరేవాళ్ళ మగ్గాల మీద కూలికి నేసి, ఆ ఏడే సొంత మగ్గం పెట్టుకుంది. దాని మీద మొట్టమొదటి చీర ఒక పెళ్ళికూతురిది. ఆ పెళ్ళివారు కుప్పం దగ్గర పల్లెలో పట్టుపురుగులు మేపుకుని బతికేవాళ్ళు. తమ పురుగులు కట్టిన గూళ్ళ నుంచి తీసిన పట్టుతోనే చీర నేయాలి, అంచంతా మల్బరీ ఆకులు పారాలి, ఇదీ ఆ పిల్ల కోరిక. పీటల మీద కూర్చుంటే మా తోట నా ఒళ్ళో ఉండాలి అన్నదట. ఎంత చక్కటి మాటో చూడండి.

అయితే పెళ్ళికూతురి మేనత్తకు ఇది గిట్టలేదు. పేరు తెలియని మగ్గానికి పెళ్ళిచీర ఇస్తారా, కంచికి పోయి తెచ్చుకోకుండా, అని పట్టుపట్టింది. ఇంట్లో తర్జనభర్జనలు జరిగి చివరికి ఒక మాట అనుకున్నారు. విజయదశమి నాడు పొద్దుగూకేలోపల మగ్గం మీద అంచు మొదలైతే చీర పుంగనూరుదే. కాకుంటే మరునాడే కంచికి బస్సు. మేనత్త పంతం సంగతి అటుంచితే, అది న్యాయమైన గడువే. ఆ రోజు దాటితే కార్తీకంలో పెళ్ళికి చీర అందదు. నేతామె ఆ మాట చెప్పి, పైటకొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ఇది పోతే మళ్ళీ కూలి మగ్గమేనక్కా. మొదటి చీరే తప్పిపోయినామెకు ఇంగెవురిస్తారు?"

మా పిల్ల నిజం మల్బరీ ఆకు తెప్పించుకుని, బల్ల మీద పెట్టుకుని గీసింది. ఈనెలు సరిగ్గా రాలేదని తుడిచి తుడిచి గీసింది. మధ్యమధ్యలో కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోయేది. వినాయక చవితి నుంచి దానికి ఆ జబ్బు పట్టుకుంది. ఆర్పి, మళ్ళీ వేసి, పోయినదాన్ని మళ్ళీ గీసేది. నువ్వు గట్టిగా నొక్కుతావు గనకే అది అలుగుతోందని నేను, అందులో సినిమా పాటలు ఎక్కించావని పెద్దాయన, ఇద్దరం దాన్నే తిట్టాం. ఎట్లాగో డిజైన్ పూర్తయింది. దశమి పొద్దున్నే పూజ చేసి, మిషన్‌తో అట్టలు కొట్టించి, మధ్యాహ్నం బస్సుకు పుంగనూరు చేర్చాలని అనుకున్నాం. చిల్లులు కొట్టే ఆ మిషను మా కంప్యూటర్ చెబితేనే వింటుంది. ఇంకో కంప్యూటర్ తెచ్చి పెడితే దాని మాట వినదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక నవమి నాటి ఆయుధపూజ. మగ్గాలవాళ్ళకు అంతకంటే పెద్ద పండగ లేదు. పనిముట్టు అన్నది ఏదైనా సరే కడిగి, తుడిచి, బొట్టు పెట్టి, పువ్వు పెట్టి, ఆ పూటకు దానికి విశ్రాంతి ఇస్తాం. మగ్గానికి ఊరికే ఒక బొట్టు పెట్టి వదిలేస్తే ఒప్పదు. పోగును అటూ ఇటూ మోసే నాడెకు ఒకటి, దువ్వెనలా పళ్ళుండే పన్నెకు రెండు చివర్లా రెండు, కాలితో తొక్కే కర్రలకు, జకార్డుకు, అన్నింటికీ పేరుపేరునా పెట్టాలి. ఇంటికొచ్చిన ముత్తైదువుల్లో ఒకరికి పెట్టి ఒకరికి మానితే ఊరుకుంటారా? ఇనుము మీద పొడి కుంకుమ నిలవదని పెద్దాయన నువ్వులనూనెతో తడిపి పెట్టేవాడు. ఆ నూనె కూడా నేనే కొలిచి ఇచ్చేదాన్ని. చెయ్యి ధారాళం ఆయనది.

పెట్టెలో దుమ్ము కూడా దులపమని పిల్లకు నేనే చెప్పాను. అది కంప్యూటర్ పక్క రేకు విప్పి, దుమ్మంతా ఊది, వాకిట్లో ముగ్గు వేయడానికి పోయింది. వచ్చి, రేకు బిగించేసి, బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది. ఆ మధ్యలో ఏం జరిగిందో మాకు మరునాడు తెలిసింది.

దశమి పొద్దున హారతి ఇచ్చి, టెంకాయ కొట్టి, పిల్ల బటన్ నొక్కింది. ఫ్యాను తిరిగింది. లోపల నుంచి కీ...మని పొడుగ్గా ఒక కూత. ఆగింది. మళ్ళీ కూత. తెర మీద మాత్రం నల్లటి చీకటి.

"పెద్దమ్మా, ఇది ఏడస్తాండాది," అంది పిల్ల.

"పండగపూట ఏడుపు మాట అనాకు. ఆర్పి మళ్ళీ ఎయ్యి."

ఆర్పి వేసింది. అదే కూత. వైర్లన్నీ పీకి పెట్టింది. అదే కూత. పెద్దాయన ఇంకో టెంకాయ కొడదామన్నాడు. టెంకాయలు చెట్టుకు కాస్తాయి గానీ మా అంగట్లో కాయవు అని నేనన్నాను.

సరిగ్గా అప్పుడు పుంగనూరు నేతామె గడపలో అడుగుపెట్టింది. ఆమె వెనక ఇంకొకామె, నిండుగా పూలు పెట్టుకుని, చేతిలో స్టీలు డబ్బాతో. పెళ్ళికూతురి తల్లి. మా ఆకు అట్టలోకి ఎట్లా పోతుందో చూడాలని కుప్పం నుంచి చీకటితో లేచి వచ్చిందట. భర్తను కూడా రమ్మంటే, పురుగులు చివరి మేతలో ఉన్నాయి, వాటికి పండగ ఉంటుందా అన్నాడట.

"ఏందక్కా ఆ సద్దు?" అంది నేతామె. అడుగుతుండగానే ఆమె మొహంలో రంగు మారిపోయింది. మగ్గం మనిషికి మిషను గొంతు తేడా చెప్పాల్సిన పనిలేదు.

ఓనరుకు ఫోను చేస్తే, వెనక మేళాల చప్పుడు మధ్య, "నువ్వే సూసుకోమ్మా, నీకు తెలీందేముంది," అన్నాడు. నాకు తెలియనిదే అక్కడ కూత పెడుతోంది.

పండగ కాబట్టి బజార్లో అంగళ్ళన్నీ మూసి ఉన్నాయి. ఒక్క రిపేరీ భాయ్ అంగడి తప్ప. పిల్ల ఆయనకు ఫోను చేసి, ఫోనును కంప్యూటర్ దగ్గర పెట్టి కూత వినిపించింది. డాక్టరుకు దగ్గు వినిపించినట్టు. ఆయన విని, "అది మెమరీ ఏడుపమ్మా. ముట్టుకోవద్దండి, వస్తాండా," అన్నాడు.

స్కూటర్ మీద వచ్చాడు. సన్నగా, గడ్డంతో, జేబులో ఎప్పుడూ స్క్రూడ్రైవర్. వచ్చీ రాగానే నేతామె అడిగింది.

"అప్పా, మా ఆకు పోయిందా?"

"ఆకు యాడికీ పోలేదక్కా. డిజైన్లు బీరువాలో ఉన్నట్టు వేరే ఉంటాయి, భద్రంగా. మెమరీ అంటే సాప. బీరువాలోంచి తీసి పరుసుకునేదానికి సాప కావల్ల గదా? సాప లేకుంటే ఈయన కూసోడు. నిలబడి అరుస్తాడు."

అంత బాగా చెప్పేవాళ్ళు ఉంటే నేను నాలుగో తరగతి కూడా చదివేదాన్నేమో.

ఆయన పక్క రేకు విప్పాడు. నువ్వులనూనె వాసన గుప్పుమంది. అందరం వంగి చూశాం. లోపల ఫ్యానుకు బొట్టు, కరెంటు డబ్బాకు బొట్టు, వైరు గుత్తులకు బొట్టు. ఆకుపచ్చ పలక నాలుగు మూలలా నాలుగు. పెళ్ళిపందిరిలా ఉంది. భాయ్ చేతిలో స్క్రూడ్రైవర్ అట్లాగే ఉండిపోయింది. అందరి తలలూ ఒక్కసారి పెద్దాయన వైపు తిరిగాయి.

ఆయనేం తడబడలేదు.

"పాప ముగ్గేసేదానికి పోయింటే, పెట్టె తెరిసి ఉండె. ఇన్నేండ్లూ బయట రేకుకు పెడతాంటిమి, లోపల పనిసేసే వాళ్ళకు ఎవురు పెడతాండారు? అద్దో, ఆ రెండు నిలబడుకోనుండాయి సూడు, అచ్చం పన్నెల మాదిరి. ముందరదానికి రెండు కొసలా పెట్టినా. ఎనకదానికి నా ఏలు దూరలే."

"ఆ పన్నెలే మెమరీ పెద్దాయనా," అన్నాడు భాయ్. ఆయన పెదవులు బిగబట్టుకున్నాడు గానీ భుజాలు నవ్వుతున్నాయి.

ముందువైపు మెమరీ పలకను లాగి చూపించాడు. అడుగున బంగారు పళ్ళు వరసగా ఉంటాయి. కుంకుమ నూనెతో కలిసి కిందికి జారి, ఆ పళ్ళ నిండా ఎర్రగా పట్టుకుంది. పలక దిగే గాడిలో కూడా కొంచెం దిగింది.

"పళ్ళు శుభ్రంగా ఉంటేనే ఇది లోపలివాళ్ళతో మాట్లాడేది. తుడిసేస్తే సరి," అని జేబులోంచి గుడ్డ తీశాడు.

"ఆగప్పా!"

అంత గట్టిగా పెద్దాయన అరవడం నేనెప్పుడూ వినలేదు. "పూజలో పెట్టిన బొట్టు. దశమిపూట తుడస్తావా? పెండ్లిచీర మొదులుపెట్టే మిషనుకా? తెలిసే అంటాండావా?"

భాయ్ గుడ్డ వెనక్కి తీసుకున్నాడు. నిజం చెప్పాలంటే నాకూ ఆ గుడ్డ చూసి భయమేసింది. పెద్దాయనతో ప్రతి సంగతికీ వాదించే నేను ఈసారి ఆయన పక్కే నిలబడ్డాను. బొట్టు తుడవడం అన్న మాట ఆడవాళ్ళ చెవిన ఎట్లా పడుతుందో మీకు చెప్పక్కర్లేదు. అందులోనూ పెళ్ళికూతురి తల్లి ఎదురుగా ఉంది.

"రేపు తుడుద్దురు గానిలే," అన్నాడు పెద్దాయన, కొంచెం దిగి.

"రేపయితే కంచి బస్సన్నా," అంది నేతామె. అంతే అంది. గోడ వైపు తిరిగి, అక్కడ వేలాడే పాత అట్టల దండను చూస్తూ నిలబడింది.

తుడవకుంటే చీర లేదు. తుడిస్తే చీరకు మంచి శకునం లేదు. కంప్యూటర్ చదివినవాళ్ళు దీనికేమంటారో నాకు తెలియదు. మేమంతా ఒక వేలెడు పలక చుట్టూ నిలబడిపోయాం. భాయ్ పాపం, ఇది తనకు సంబంధించింది కాదన్నట్టు స్క్రూలన్నీ వరసగా పేర్చుకుంటూ కూర్చున్నాడు.

అప్పుడు కుప్పం ఆమె నోరు విప్పింది. అప్పటిదాకా ఆమె గొంతే మేం సరిగ్గా వినలేదు.

"అక్కా, అది అమ్మవారికి పెట్టిన కుంకుమే కదా?"

"అవునమ్మా."

"గుళ్ళో అమ్మవారి కాళ్ళ కాడ కుంకుమ అయ్యోరు తీసి మన చేతుల్లో పెడతాడు. దాన్ని తుడిసినాడు అంటామా? ఇట్ల నాకియ్యండి." అని తల వంచింది.

ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు చూడండి! జీవితమంతా ఏదీ పారేయకూడదని చెప్పినదాన్ని, ఆ కుంకుమను గుడ్డతో తుడిచి పారేయడం గురించి దిగులు పడుతూ నిలబడ్డాను. చేతులు కడుక్కుని వచ్చాను. భాయ్ పలకను రెండు అంచుల మీద జాగ్రత్తగా పట్టుకున్నాడు. నేను ఉంగరపు వేలితో ఆ బంగారు పళ్ళ మీది కుంకుమను మెల్లగా తీసి ఆమె నుదుట పెట్టాను. ఇంకొంచెం తీసి ఆమె తాళికి అద్దాను. ఆమె కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. తరువాత మా పిల్లకు. నేతామె పూజకు పెట్టిన తాంబూలంలోంచి తమలపాకు ఒకటి తీసి పట్టింది.

"నాకు దీంట్లో పెట్టక్కా. నా మగ్గానికి పెట్టుకుంటా."

పెద్దాయన చూస్తూ ఉన్నాడు. "ఈ మిషనుకు పెట్టింది ఆ మగ్గానికి పోతాండాది. ఇంగేం కావల్ల," అన్నాడు. ఆపైన తన మామూలు గొంతుతో, "సెల్లెమ్మా, నాకు పెట్టకుండా అంతా తీసేస్తివే!" అని కసురుకున్నాడు. ఆయనకూ పెట్టాను.

"భాయ్, నీకు?" అంది పిల్ల చిలిపిగా.

"నాకు నక్కో, వద్దు. నాకు బొరుగులూ బెల్లం ఇయ్యండి, పొద్దున్నుంచి ఏం తినలే."

పిల్ల పెట్టిన బొరుగులు ఒక చేత్తో తింటూనే ఆయన మిగతా పని మొదలుపెట్టాడు. నూనె జిడ్డు పోవాలంటే పెన్సిలు తుడిచే రబ్బరు కావాలన్నాడు. అరిగి గోరంత మిగిలిన రబ్బరు ముక్కలు నేను డబ్బాలో దాచి ఉంచుతానని మా పిల్ల ఎప్పుడూ ఎగతాళి చేసేది. ఆ డబ్బా తెచ్చి దాని ముందే మూత తీశాను. ఏమీ అనలేదు నేను. మూత మాత్రం కొంచెం గట్టిగా తీశాను.

రబ్బరుతో రుద్ది రుద్ది పళ్ళు తళతళలాడేలా చేశాడు. గాడిలో మెత్తటి కుంచెతో దులిపాడు. పలక బిగించి బటన్ నొక్కాడు.

కీ...

పెద్దాయన గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడు. "నేనే సంపేసినా దాన్ని," అన్నాడు. నేతామె తమలపాకును గుప్పిట్లో బిగించుకుంది.

"ఉండండి పెద్దాయనా. ఇంగా పరీచ్చ అయిపోలే." భాయ్ రెండు పలకలూ పీకేశాడు. "మగ్గంలో తప్పొస్తే మీరేం సేస్తారు?"

"ఒక్కో అట్టా తీసి సూస్తాం," అన్నాడు పెద్దాయన గోడ దగ్గర నుంచే.

"ఇదీ అంతే. ఒక్కొక్కరినీ ఒంటరిగా పిలిసి అడగల్ల."

వెనకదాన్ని, పెద్దాయన వేలు దూరనిదాన్ని, ఒక్కదాన్నే పెట్టాడు. నొక్కాడు. చిన్నగా ఒక్కసారి కిచ్‌మని, తెర వెలిగింది. మా పిల్ల ఎగిరి గంతేసింది. నేతామె కుప్పం ఆమె చెయ్యి పట్టేసుకుంది. భాయ్ మాత్రం నవ్వకుండా ఆర్పేశాడు. అదే పలకను ముందు గాడిలో, కుంకుమ దిగిన గాడిలో పెట్టి నొక్కాడు. మళ్ళీ వెలిగింది. అంటే గాడి మంచిదే. ఇప్పుడు కుంకుమ పడ్డ పలకను ఈ గాడిలో, ఆ గాడిలో మార్చి మార్చి పెట్టాడు. ఎక్కడ పెట్టినా కూతే.

"ఇది సచ్చిపోయుండాది. కుంకుమ పోయినా లేయలేదంటే జబ్బు పాతది. పాపా, ఇది ముందు ఎప్పుడైనా బిగుసుకునేదా?"

"చవితి నుంచీ! ఊరికే నిలబడిపోతాండె. ఈళ్ళిద్దరూ నన్నే తిట్టిరి!" అంది పిల్ల, మా ఇద్దరి వైపూ వేలు చూపిస్తూ.

"అదే మరి. ఇది మెల్లమెల్లగా పోతాండె. కుంకుమ పడకున్నా ఈరోజు అట్టలు కొట్టే నడుమ బిగుసుకునేది. సగం అట్టల్లో ఆకు తప్పొచ్చేది. మగ్గం ఎక్కించినాక గానీ తెలిసేది కాదు."

గోడ దగ్గర పెద్దాయన మెల్లగా లేచి పంచె సర్దుకున్నాడు.

"సూస్తిరా? సూస్తిరా సెల్లెమ్మా? నేను బొట్టు పెట్టకుంటే మీరు పెట్టె తెరిసేవాళ్ళా? రోగమున్నదాన్నే ఎతికి సూపించింది అమ్మవారు!"

కుంకుమ వల్ల చచ్చిందా, జబ్బుతో చచ్చిందా, రెండూ కలిసాయా, ఆ భాయ్‌కి తెలుసు. నేను ఒంటరిగా ఉన్నప్పుడు తరువాత ఒకసారి అడిగితే, "పెద్దాయన లేసి నిలబడినాడా లేదా, అది సూడండి పెద్దమ్మా," అన్నాడు. అంతకు మించి నేనూ తవ్వలేదు.

కొత్త పలక బెంగళూరు నుంచి రావాలి. ఆ పూటకు ఒక్కదానితోనే నడిపించమన్నాడు. సగం చాప మీద కూర్చున్న కంప్యూటర్ ముక్కుతూ మూలుగుతూ పనిచేసింది. పిల్ల దాన్ని తొందరపెట్టకుండా, చంటిబిడ్డకు ఉగ్గు పెట్టినట్టు, కొంచెం కొంచెంగా డిజైన్ అందించింది. చిల్లుల మిషను టకటకమంటూ మొదలైంది. ఆ చప్పుడు వినగానే ఏం చేయాలో ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. వచ్చిన అట్టలు వచ్చినట్టే నేనూ నేతామె చెరొక వైపు పట్టి కుట్టాం. కుప్పం ఆమె సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. పురుగులకు ఆకు తరిగే చేతులు, చురుకే. ఆమె స్టీలు డబ్బాలో తెచ్చిన పులిహోర అందరం అట్టల మీద పడకుండా దూరంగా కూర్చుని తిన్నాం. దారం అవసరానికి మించి పొడుగ్గా తీస్తున్నారని నేను ఇద్దర్నీ కసిరాను. ఇద్దరూ నవ్వారు. నన్ను కొత్తగా చూసినవాళ్ళు అంత తొందరగా నవ్వడం అదే మొదలు.

బస్సు తప్పిపోయింది. తరువాతి బస్సులో అట్టల మూటను పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని పుంగనూరు పోయాం. పెద్దాయనా నేనూ కూడా. నేనెందుకు పోయానని అడగకండి, అంగడికి తాళం వేశాక నాకు పని లేదు.

నేతామె ఇల్లు చిన్నది. మగ్గం ఇంటికంటే పెద్దదిగా కనబడింది. ముందుగా ఆమె తమలపాకు విప్పి, ఆ కుంకుమతో జకార్డుకు బొట్టు పెట్టింది. పెద్దాయన ఆ వయసులో నిచ్చెన ఎక్కి అట్టల దండ తగిలించాడు. నేను కింద నిచ్చెన పట్టుకుని, పడితే ఆస్పత్రి ఖర్చు ఎవరు పెడతారని తిడుతూనే ఉన్నాను. బయట ఎండ పసుపు రంగుకు తిరిగింది. ఆమె మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలో దిగి కూర్చుని, ఒక్కసారి పైకి చూసి, కాలితో తొక్కింది. అట్ట తిరిగింది. పోగులు లేచాయి. నాడె ఈ చివర నుంచి ఆ చివరికి పోయింది.

ఆకు ఒక్కసారిగా రాదు. ముందు తొడిమ. తరువాత రెండు వైపులా కొంచెం వెడల్పు. తరువాత ఈనె. కుప్పం ఆమె మగ్గం పక్కన చతికిలబడి చూస్తోంది. నడిమి ఈనె తిన్నగా సాగి, రంపపు అంచుతో ఆకు కొన మూసుకోగానే ఆమె ఫోను తీసి భర్తకు చేసి, ఫోనును మగ్గానికి ఆనించి చప్పుడు వినిపించింది.

"ఆకు వచ్చిందా?" అని అవతల నుంచి అడిగాడాయన.

"వచ్చింది. నిజం ఆకు మాదిరే ఉండాది."

"అట్లయితే ఈడికి తేవద్దు. మన పురుగులు సూసినాయంటే తినేస్తాయి."

మగ్గం మీద నేతామె నవ్వింది, నవ్వుతూనే ఆమె కళ్ళు కారిపోయాయి. చేతులు మాత్రం ఆగలేదు. అప్పటికి ఇంకా వెలుతురు ఉంది. ఇక వాళ్ళ కోసం కంచి బస్సు ఎదురు చూడాల్సిన పనిలేదు.

పెళ్ళికి మమ్మల్ని పిలిచారు. మేనత్త ఆ చీర కొంగు పట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ తానే దగ్గరుండి నేయించినట్టు చెప్పుకుంటోంది. నేతామెకు ఆ పెళ్ళిలోనే ఇంకో రెండు చీరల బేరం కుదిరింది. ఇప్పుడు ఆమె ఇంట్లో మగ్గాలు పెరిగాయి, మనుషులు తిరగడానికి చోటు తగ్గింది.

మరుసటి ఏడు ఆయుధపూజ వచ్చేసరికి నేను కంప్యూటర్ పెట్టె చుట్టూ టేపు అంటించి, బొట్టు బయటే అని గట్టిగా చెప్పాను. పెద్దాయన కుంకుమ గిన్నె పట్టుకుని దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"లోపలోళ్ళకు పూజ లేకుండానా సెల్లెమ్మా?"

నాకు ఆయన మొహం చూసి జాలేసింది. చచ్చిన ఆ మెమరీ పలకను నేను పారేయలేదు. నేనేదీ పారేయను, మీకు తెలుసు కదా. రబ్బరు ముక్కల డబ్బాలోనే ఉంది. తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక ఇత్తడి పళ్ళెంలో బియ్యం పోసి, వాటి మీద నిలబెట్టి, పెట్టె నెత్తిన పెట్టాడు. రెండు కొసలా రెండు బొట్లు పెట్టి, ఒక చేమంతి తగిలించాడు.

"గుళ్ళో మూలవిరాట్టు కదలదు. ఊరేగేది ఉత్సవ విగ్రహమే గదా," అన్నాడు, నేను కాదంటానేమో అన్నట్టు ఓరగా చూస్తూ.

నేను కాదనలేదు.

ఆ తరువాత రెండు కంప్యూటర్లు మారాయి. ఉత్సవ విగ్రహం మారలేదు. నేను పని మానేసినా నవమి నాడు మాత్రం అంగడికి పోతాను. డిజైన్ పిల్ల ఇప్పుడు అక్కడ పెద్దది, కొత్తగా చేరినవాళ్ళ మీద నా లాగే అరుస్తుంది. రిపేరీ భాయ్ స్కూటర్ ఆపి, లోపలికి తొంగిచూసి, "సామి బాగుండాడా పెద్దాయనా?" అని అడిగి, బొరుగులూ బెల్లం తీసుకుని పోతాడు. పెద్దాయనకు చూపు తగ్గింది, బంగారు పళ్ళు చేత్తో తడిమి కొసలు చూసుకుని బొట్టు పెడతాడు.

కుంకుమ మాత్రం ఇప్పటికీ నేనే ఇస్తాను. చిటికెడు. అంతకంటే ఇచ్చేది లేదు.